పళ్లెంలో కార్డులు పెట్టకు నాయనా

అబ్బాయికి, పెదనాన్న దీవించి రాసేది.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఈ డిసెంబరు 31న వాచ్‌నైట్ ఆరాధన, అదే ఏడాది మారే రాత్రి మందిరంలో మేలుకుని చేసే ప్రార్థన, నువ్వే నడిపిస్తున్నావట. వింటూనే ఛాతీ ఇంత పొంగింది. ‘ఈ కాలపు పోకడలు, మన విశ్వాసం’ అని గంటంపావు ప్రసంగం రాసుకుంటున్నావని అంటే నవ్వొచ్చింది. ఆఖర్న, పన్నెండు కొట్టగానే పళ్లెంలో పెట్టి తిప్పడానికి ఒంగోలు వెళ్లి రెండొందల వాగ్దాన కార్డులు, ఒక్కోదాని మీద ఒక్కో బైబిలు దీవెన మాట అచ్చేసినవి, కొనుక్కొచ్చావని చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముందు చిన్న పనులు చెప్పేస్తాను. మైకు పర్మిషన్‌కి వారం ముందే స్టేషన్లో అర్జీ పెట్టు. 2000 నాటి శబ్ద నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకరు మోగకూడదు. పండగలకి ప్రభుత్వం సడలిస్తే ఏడాదికి 15 రోజులకి మించకుండా సడలించాలి, అదీ రాత్రి 12 దాకానే. కాగితం చేతికి రాకపోతే పది కొట్టగానే పైనున్న హారన్ల తీగ పీకెయ్. లోపలి బాక్సులు గోడ దాటి వినపడకుండా తగ్గించుకో. వీధిలో నిద్రపోయే పసిపిల్లలకి మన స్తుతి గీతం కూడా గోలే.

టీ కప్పుకి 100 మి.లీ. లెక్కన 120 మందికి 12 లీటర్లు చాలు. అందరూ వెళ్లేటప్పుడు ఇవ్వు. మధ్యలో ఇచ్చావా, మళ్లీ మోకాళ్ల మీదకి తేవడానికి పావుగంట పడుతుంది. పదింటికి మొదలుపెట్టి పన్నెండున్నరకి ముగించు. ఆ రాత్రి రోడ్ల మీద తాగి బళ్లు నడిపేవాళ్లుంటారు, పైగా మంచు. ముసలివాళ్లని, ఆడవాళ్లని వీధుల వారీగా కలిపి, టార్చి ఉన్న ఒక కుర్రాణ్ణి తోడిచ్చి పంపు. రెండు దాకా సాగదీసి దాన్ని ఆత్మ నడిపింపు అనకు.

డబ్బు లెక్కలు ఆ రాత్రి చదవొద్దు. అవి అంతకు ముందు ఆదివారమే చదివించు. కమిటీలో ఎవరికైనా అనుమానం ఉంటే అప్పుడే తేలిపోవాలి, ఏడాది మారే వేళ తగవు పెట్టుకోకూడదు. వాచ్‌నైట్‌కి కావలసింది రిజిస్టర్లు. బాప్తిస్మాలు ఎన్ని, పెళ్లిళ్లు ఎన్ని, సమాధులు ఎన్ని అన్నవి రాసుకో. ఈ ఏడాది ప్రభువులో నిద్రించిన, అంటే చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే, తొందరపడకుండా చదువు. ఇంటిపేరుతో సహా చదువు. ఒక పేరు పొరపాటున వదిలేస్తే ఆ ఇల్లు నిన్ను పదేళ్లు మర్చిపోదు, కాబట్టి ముందురోజు పెద్దలిద్దరికి చూపించి సరిచూసుకో.

సాక్ష్యాలు ఆరుకి మించొద్దు, ఒక్కొక్కటి రెండు మూడు నిమిషాలు. ఎవరు చెబుతారో ముందే అడిగిపెట్టుకో. ‘ఎవరైనా రావచ్చు’ అన్నావంటే మైకు దగ్గరికి వచ్చేది ఇల్లు కట్టినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు, పిల్లలకి ర్యాంకు వచ్చినవాళ్లు. ఉద్యోగం రానివాడు చెప్పుల దగ్గర నిలబడి, దేవుడికి తనొక్కడే గుర్తులేడనుకుంటూ వింటుంటాడు. ఆ ఆరుగురిలో ఇద్దరు, అడిగింది దొరకనివాళ్లు అయ్యుండాలి. వాళ్లని మైకు ముందు ఏడిపించకు. ఏడాదంతా ఎలా నెట్టుకొచ్చారో చెప్పమను, చాలు.

ఇక నీ ప్రసంగం. గంటంపావు ఏమిట్రా? రాత్రి పదకొండింటికి, పొద్దుటి నుంచి మిరప కోతకి వెళ్లొచ్చిన మనిషి ముందు? ఇరవై అయిదు నిమిషాలు చాలు. పదకొండూ అయిదుకి మొదలుపెడితే పదకొండున్నరకి అయిపోవాలి. ఒప్పుకోలు ప్రార్థనకి ఇరవై నిమిషాలు, పన్నెండు దాకా పది నిమిషాల మౌనం. ఆ మౌనంలో కీబోర్డు మీటనివ్వకు.

ఏం తిట్టబోతున్నావో నేనూహించగలను: సెల్‌ఫోన్లు, రీల్సు, సినిమా పాటలకి గంతులు, క్రికెట్ బెట్టింగు యాప్‌లు, ప్రీవెడ్డింగు ఫొటోలు. తిట్టదగినవే. కానీ ఆ తిట్లు పడాల్సిన కుర్రాళ్లు ఆ రాత్రి మందిరంలో ఉండరు, బయట కేకు కోస్తూ ఉంటారు. లోపల కూర్చున్నవాళ్లు ‘ఆమేన్’ అంటారు, ఎందుకంటే తిట్లు పక్కింటివాళ్లకి. ఏడాది చివర పాస్టరు లోకాన్ని తిడితే సంఘానికి హాయిగా ఉంటుంది. అందుకే ఆ ప్రసంగం అంత తేలిక.

మన ఇంట్లో పోకడలు చూడు. పాస్టరు ఫొటో నిలువెత్తునా, సిలువ బొమ్మ మూలన గోరంతా ఉండే ఫ్లెక్సీ. బాప్తిస్మం ఒకటే అంటూ పెళ్లి సంబంధం దగ్గర కులం ఆరా తీసే పెద్దలు. ‘దేవుని చిత్తం’ అంటూనే కట్నం దగ్గర ఒక్క రూపాయి తగ్గని ఇళ్లు. వెయ్యి విత్తితే పదివేలు కోస్తావని చెప్పే విత్తన కానుకలు. వీటిలో నీ సంఘంలో ఉన్నది ఏదో నీకే తెలుసు. పేరు చెప్పకుండా పేరు చెప్పినట్టు మాట్లాడకు, ‘మనం’ అని మాట్లాడు. అందులో నువ్వూ ఉండు.

ఇప్పుడు కార్డుల సంగతి. ఇది నువ్వు కొత్తగా చేస్తున్న తప్పు కాదు, మా తరం పెంచి పోషించిన తప్పు. ఎలా నడుస్తుందో నీకు తెలుసు. పన్నెండు కొట్టగానే ‘హ్యాపీ న్యూ ఇయర్’, తర్వాత పళ్లెం. కళ్లు మూసుకుని ఒకటి తీస్తారు. తీసినవాళ్లు చదివి పక్కవాళ్లది చూస్తారు. ‘నీకేమొచ్చింది?’ అని అడుగుతారు. నచ్చకపోతే, ఎవరూ చూడకుండా పెట్టేసి ఇంకొకటి తీస్తారు. ఆ అడగడం విను నాయనా. ‘ఏమొచ్చింది’ అనేది లాటరీ టిక్కెట్టు దగ్గర అడిగే మాట. పావుగంట క్రితం బెట్టింగు యాప్‌ని తిట్టి, ఇప్పుడు అదే చేతితో పళ్లెం తిప్పుతావా? వాడు ఫోన్లో వెతికే అదృష్టాన్నే వాళ్లమ్మ పళ్లెంలో వెతుకుతుంది.

ఆ కట్టల్లో ఏముంటాయో కూడా చూడు. ద్వితీయోపదేశకాండం 28లో నిన్ను తోకగా కాదు, తలగా చేస్తాడన్న మాట ప్రతి కట్టలోనూ ఉంటుంది. ఆ అధ్యాయంలో దీవెనలు 14 వచనాలు, వాటి ముందు ‘విని గైకొంటే’ అన్న షరతు. తర్వాత శాపాలు 15 నుంచి 68 దాకా, యాభై నాలుగు. ఆ యాభై నాలుగులో ఒక్కటీ కార్డుకెక్కదు. ఎబెనెజరు, అదే సమూయేలు నిలిపిన సహాయపు రాయి, సంగతీ అంతే. ‘ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను’ అని 1 సమూయేలు 7:12 గోడలకి రాసుకుంటాం. దానికి ముందు 3 నుంచి 6 వచనాల్లో అన్యదేవతల్ని తీసెయ్యమనడం, ఉపవాసం, ‘పాపం చేశాం’ అని ఒప్పుకోవడం ఉన్నాయి. రాయి నిలిపింది ఆ తర్వాత.

అన్నింటికన్నా ఎక్కువ నలిగింది యిర్మీయా 29:11. ‘నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును’ అన్నది. కాస్త వెనక్కి వెళ్లు. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త మందిరంలో జనం ముందు నిలబడి, రెండేళ్లలో అందరూ బబులోను చెరనుంచి తిరిగొచ్చేస్తారని చెప్పాడు, బబులోనుకి లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడమీద వేసుకున్న కాడి విరగ్గొట్టాడు. వినేవాళ్లకి ఎంత బాగుండి ఉంటుందో ఊహించు. ఆ ఏడాదే ఏడో నెలలో అతనే చనిపోయాడు. చెరలో ఉన్నవాళ్లకి యిర్మీయా రాసిన ఉత్తరం, అదే 29వ అధ్యాయం, చెప్పింది డెబ్బై ఏళ్లు. 10వ వచనంలో ఉంది ఆ లెక్క, 11కి ఆనుకునే. అంటే ఆ ఉత్తరం విన్న నలభై ఏళ్లవాడు యెరూషలేము మళ్లీ చూడడు. వాడికి చెప్పిన నిరీక్షణ వాడి మనవలది. దాన్ని కోసి జనవరి నుంచి డిసెంబరు దాకా చెల్లే కార్డుగా అచ్చేస్తే, యిర్మీయా నోట హనన్యా మాట పెట్టినట్టే.

నా భయం చెప్తాను. భర్తకి డయాలసిస్ నడుస్తున్న ఒకామె ప్రతి సంఘంలోనూ ఉంటుంది. ఆమె పళ్లెంలో చెయ్యి పెడుతుంది. దీర్ఘాయువు మాట వస్తుంది. ఆ కార్డు ఆసుపత్రి మంచం దగ్గర దిండు కింద పెడుతుంది. ఫిబ్రవరిలో అతను పోతాడు. అప్పుడు ఆమె ముందు రెండే దారులుంటాయి. దేవుడు అబద్ధం చెప్పాడనుకోవాలి, లేదా నా విశ్వాసం చాలలేదనుకోవాలి. నిన్నేమీ అనదు. మెల్లగా రావడం మానేస్తుంది. మనం దానికి ‘వెనకబడిపోయింది’ అని పేరు పెడతాం. ఆ కార్డు ఆమె చేతిలో పెట్టింది మనమే కదా.

నువ్వు వాదిస్తావని తెలుసు. సామెతలు 16:33 తీస్తావు, చీట్లవల్ల వచ్చే తీర్పు యెహోవా వశమని. యూదా స్థానంలో మత్తీయని అపొస్తలుడిగా చీట్లేసే ఎన్నుకున్నారంటావు. నిజమే, కానీ అది పెంతెకొస్తుకి, అంటే పరిశుద్ధాత్మ దిగిన రోజుకి ముందు. అపొస్తలుల కార్యాలు 6లో భోజనాల పంపిణీ చూడడానికి ఏడుగురు కావలసినప్పుడు చీట్లు వెయ్యలేదు, సంఘమే ఎంచుకుంది. ఈ అలవాటు పుట్టుక చెడ్డదని కూడా నేననను. జర్మనీలో హెర్న్‌హూట్ అనే ఊళ్లో మోరేవియన్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు 1728లో రోజుకొక వాక్యం ఇంటింటికీ చెప్పడం మొదలుపెట్టారు, 1731 నుంచి అచ్చు వేస్తున్నారు. ఏడాది చివరి రాత్రి మేలుకునే ఆరాధన కూడా 1733లో అక్కడే మొదలైంది. కానీ అక్కడ ఒక వాక్యం ఊరంతటికీ, అదీ ఒక్క రోజుకి. నీకొకటి, నాకొకటి, ఏడాదికి గ్యారంటీ అన్నది మనం కలుపుకున్నది. మెథడిస్టు శాఖకి మూలపురుషుడు వెస్లీ 1755లో మొదలుపెట్టిన నిబంధన ఆరాధన చూడు. మెథడిస్టులు కొత్త సంవత్సరంలో ఇప్పటికీ చేస్తారు. నన్ను నింపినా సరే, ఖాళీ చేసినా సరే అని మనిషే దేవుడికి మాటివ్వడం అందులో ఉంది.

అంత దూరం ఎందుకు, మన ఒంగోలు ప్రార్థన కొండ చాలదా? 1854 జనవరి 1 తెల్లవారుజామున దాని మీద నిలబడింది అయిదుగురు: అమెరికా బాప్టిస్టు మిషనరీలు జువెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు. నెల్లూరు మిషన్‌ని మూసేద్దామని అమెరికాలో చర్చ జరుగుతున్న రోజులవి. ఒంగోలుకి ఒక మనిషిని పంపమని అడిగారు. ఆ మనిషి, మిషనరీ క్లౌ దొర, ఒంగోలు వచ్చింది 1866లో. పన్నెండేళ్లు! వాళ్లు కార్డు తీసి ఉంటే, 1854 డిసెంబరు 31న దాన్ని చింపేసి ఉండేవాళ్లు. ఆ క్లౌ 1876-78 కరువులో ఏం చేశాడు? బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు, బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు. కూడు కోసం వచ్చారన్న మాట వాళ్లమీద పడకూడదని. కరువు తీరాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో దిగారు. దీవెన ఆశ చూపించి పిలవడం ఎంత సులువో ఆ కరువులో తెలుసుకున్న నేల మనది. ఆ నేల మీద పళ్లెం తిప్పుతామా?

కొనేశావు కదా, ఏం చెయ్యాలంటే విను. ఇప్పటికే పెద్దలకి చెప్పేసి ఉంటావు, కాబట్టి ఆ రాత్రి గొడవ పెట్టుకోకు. పళ్లెం మాత్రం తీసెయ్. కార్డులు ఆదివారం బడి పిల్లలకి కంఠత వాక్యాలుగా ఇచ్చెయ్, ఒక్కోదాని వెనక అధ్యాయం సంఖ్య పెన్నుతో రాసి, ‘మొత్తం చదివి రండి’ అని. సంఘానికి ఒకే భాగం ఎంచుకో, పెద్దలతో కూర్చుని అధ్యాయమంతా చదివాకే. నన్నడిగితే యిర్మీయా 29, ఒకటి నుంచి పద్నాలుగు. నీ ‘పోకడలు’ అంశం కూడా అందులోనే ఉంది. బబులోనులో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. బబులోనుని తిట్టమనలేదు, అందులో కరిగిపొమ్మనీ అనలేదు. భాగమంతా ఒక కాగితం మీద అచ్చేయించు. వెనకవైపు మీ ఊళ్లో మంచం పట్టినవాళ్ల పేర్లు, వీధి పేరుతో. వాళ్లనడిగి ఒప్పుకున్నవాళ్లవే వెయ్యి. జనవరి నాలుగు ఆదివారాలు ఆ భాగం మీదే చెప్పు. ఆ డయాలసిస్ ఇంటికి ఆ కాగితం నువ్వే పట్టుకెళ్లు, జనవరి 2న. వాగ్దానం గురించి ఏమీ మాట్లాడకు, కాసేపు కూర్చో. మూడు రోజులకోసారి ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తున్నారో అడుగు.

ఎవరైనా ‘అయ్యగారూ, ఈసారి మాకు వాగ్దానం లేదా’ అని నొచ్చుకుంటే విసుక్కోకు. వాళ్లు ఏడాదంతా భయంతో బతుకుతున్నారు, చేతిలో పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. ఆ భయాన్ని అడిగి తెలుసుకో. అదే నీకు జనవరికి ప్రసంగం.

కోడలు పిల్లని రాత్రంతా ముందు వరసలో కూర్చోబెట్టకు, చంటిదానికి చలి. పదకొండింటికి ఇంటికి పంపినా ఎవరూ ఏమీ అనుకోరు. అనుకుంటే అనుకోనీ. నీ గొంతు జాగ్రత్త, పొద్దున తొమ్మిదింటికి మళ్లీ ఆరాధన ఉంది. అరిచి చెప్పకు, మైకుని అరచెయ్యంత దూరంలో పెట్టుకో.

అందరినీ పంపి తాళం వేసి ఇంటికి చేరాక మీ అమ్మకి ఒక్క ఫోన్ కొట్టు. ఒంటిగంటయినా మెలకువగానే ఉంటుంది. తర్వాత నాకు.

మీ పెదనాన్న