కీబోర్డు కబుర్లు: వర్డ్‌లో దాక్కున్న పిన్‌బాల్

ప్రశ్న: సార్, నేను జమ్మికుంటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్నాను. ఒకప్పుడు వర్డ్‌లో, ఎక్సెల్‌లో ఆటలు దాచిపెట్టేవారని మా బాబాయి అంటాడు. ఎంత వెతికినా నాకు దొరకలేదు. ఆయన నన్ను ఆటపట్టిస్తున్నాడా?

జవాబు: లేదమ్మా, నిజమే చెప్పాడు. కాకపోతే అది వర్డ్ 97 నాటి మాట. అప్పుడు నేను హన్మకొండలో ఒక డీటీపీ సెంటర్‌లో ఆపరేటర్‌ని. శుభలేఖలు పేజ్‌మేకర్‌లో చేసేవాళ్లం, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు వర్డ్‌లో. స్పైరల్ బైండింగ్ చేసే పిల్లగాడు ఓ రోజు ఈ కిటుకు పట్టుకొచ్చాడు. ఇంగ్లిష్‌లో 'బ్లూ' అని టైప్ చేసి, ఆ మాటను బోల్డ్ చేసి, నీలం రంగు వేసి, పక్కన ఒక స్పేస్ కొట్టాలి. తర్వాత హెల్ప్ మెనూలో అబౌట్ తెరిచి, కంట్రోల్, షిఫ్ట్ నొక్కిపట్టి వర్డ్ బొమ్మ మీద క్లిక్ చేయాలి. అంతే, పిన్‌బాల్!

ఒక మధ్యాహ్నం అందులో మునిగి ఉండగా కరెంటు పోయింది. వెనకాల తెరిచి ఉన్న రిపోర్టులో ఆరు పేజీలు సేవ్ చేయలేదు. "ఆటలాడెతందుకు జీతమిస్తున్ననా?" అన్నాడు సేటు. ఆ రాత్రి పదకొండు దాకా కూర్చుని మళ్లీ కొట్టాను. యూపీఎస్ కొనని తప్పు ఆయనదే అని ఇప్పటికీ అంటాను, ఆయన లేనప్పుడు.

ఎక్సెల్ 97లో ఏకంగా విమానం నడిపే ఆట ఉండేది. కొండల మధ్య ఎగురుతూ పోతే ఒక రాతి పలక మీద ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్ల పేర్లు కదులుతూ కనిపించేవి. పెళ్లి కార్డు మీద మా సెంటర్ పేరు ఓ మూలన చిన్నక్షరాల్లో వేసుకునేవాళ్లం కదా, అదే సరదా వాళ్లదీ. 2002 తర్వాత మైక్రోసాఫ్ట్ భద్రతకు పెద్దపీట వేసి ఇలాంటివి మాన్పించింది. కొన్నవాడికి తెలియని కోడ్ లోపల ఉంటే ఎవరు నమ్ముతారు?

ఇప్పుడు ఆడాలనుంటే ఈమాక్స్ అనే ఎడిటర్ వేసుకో. ఎస్కేప్, ఎక్స్ నొక్కి టెట్రిస్ అని ఇంగ్లిష్‌లో కొడితే ఇటుకలు రాలతాయి. ముందు ఫైల్ సేవ్ చేసుకో తల్లీ.

ప్రశ్న: మాది హుజూరాబాద్‌లో కిరాణా షాపు. బాకీలు నోట్‌ప్యాడ్‌లో రాస్తాను. ఆ ఫైల్ తెరిచినప్పుడల్లా చివర్లో టైమూ తేదీ వాటంతటవే పడుతున్నాయి. వైరసా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: వైరస్ కాదన్నా. ఫైల్‌లో మొట్టమొదటి లైన్ చూడండి. ఒక చుక్క, వెంటనే ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో 'లాగ్' అని ఉంటుంది. అది అక్కడుంటే నోట్‌ప్యాడ్ ప్రతిసారీ తేదీ వేస్తుంది. వద్దనుకుంటే ఆ లైన్ చెరిపేయండి. నేనైతే ఉంచుతాను, బాకీల ఫైల్ కదా. ఎవరు పెట్టారంటారా? ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే వాళ్లనే అడగండి.