ఐస్ వేసుకుంటేనే తృప్తి.. మానేయాలా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 41. ఏది తాగినా గడ్డకట్టేంత చల్లగా ఉండాలి. రోజూ భోజనం కాగానే గ్లాసు నిండా ఐస్ ముక్కలు వేసుకుని కూల్‌డ్రింకు గటగటా తాగేస్తాను. బయటికి వెళితే ఐస్ వేసిన చెరకు రసం. ఈ మధ్య తాగగానే నుదురు పోటెత్తుతోంది, కింది పళ్లు జివ్వుమంటున్నాయి. జలుబు చేస్తుందని మా అమ్మ రోజూ కోప్పడుతోంది. మా నాన్నకు షుగర్ ఉంది. ఈ అలవాటు మానేయాలా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది, చల్లటి నీళ్ల వల్ల కాదు. అయితే జలుబు ఉన్నప్పుడు చల్లనివి తాగితే ముక్కు ఇంకాస్త బిగిసినట్టు అనిపించవచ్చు. అందుకే అమ్మగారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేను.

నుదుటి పోటుకు భయపడనవసరం లేదు. అంగిలికి ఒక్కసారిగా చల్లదనం తగిలితే అక్కడి నాడులు ఉలిక్కిపడతాయి. నుదుటి నుంచి వచ్చే నొప్పినీ అదే నాడి మోస్తుంది కాబట్టి మెదడు పొరబడి నొప్పి నుదుట్లో ఉందనుకుంటుంది. నిమిషం, రెండు నిమిషాల్లో పోతుంది. మైగ్రేన్ ఉన్నవారిలో ఇది ఎక్కువ. చిన్న గుక్కలుగా తాగండి, చాలు.

నాకు ఆందోళన కలిగించేది చల్లదనం కాదు, దాని చాటున మీ లోపలికి వెళుతున్న చక్కెర. చల్లబడేకొద్దీ నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది. నమ్మకం కుదరకపోతే ఫ్రిజ్ బయట ఉంచిన కూల్‌డ్రింకు ఒక గుక్క తాగి చూడండి, పాకంలా వెగటుగా ఉంటుంది. చక్కెర రెండింటిలోనూ ఒకటే. మామూలు కోలా 300 మిల్లీలీటర్లలో సుమారు 32 గ్రాములు, అంటే దాదాపు 8 చెంచాలు. పైనుంచి కలిపే చక్కెర రోజుకు 25 గ్రాములు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ లెక్క ఆ ఒక్క గ్లాసుతోనే దాటిపోతోంది. తండ్రికి మధుమేహం ఉన్న మీరు పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపేది) పరీక్షలు ఈ నెలలోనే చేయించుకోండి.

పళ్ల విషయంలోనూ అసలు దోషి కోలాలోని ఆమ్లమే కావచ్చు. అది పంటి గట్టి పైపొర ఎనామిల్‌ను అరగదీస్తే పళ్లు చల్లదనానికి జివ్వుమంటాయి. చిగుళ్లు కిందికి జారినా ఇలాగే ఉంటుంది. తాగిన అరగంట వరకు బ్రష్ చేయకండి, ఐస్ ముక్కలు కొరకకండి. చల్లటిది మింగేశాక కూడా నొప్పి చాలాసేపు నిలిచి ఉంటే పంటి లోపలి నాడి దెబ్బతిని ఉండవచ్చు. దంతవైద్యునికి చూపించడం వాయిదా వేయకండి.

ఇక చెరకు రసం. గడ్డకట్టినంత మాత్రాన నీటిలోని సూక్ష్మజీవులు చావవు. టైఫాయిడ్, కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ ఐస్ ద్వారా కూడా సోకుతాయి. చేపలు, సరుకులు నిల్వ చేసే ఐస్‌ను గుర్తుపట్టేలా నీలం రంగు కలపాలని 2018లో ఆహార భద్రత సంస్థ ఆదేశించింది. అయినా బండి మీది తెల్లటి ఐస్ ఏ నీళ్లతో చేసిందో మీకు తెలిసే దారి లేదు. ‘ఐస్ వద్దు’ అని చెప్పడానికి మొహమాటపడకండి. అలాగని ఐస్ లేని చెరకు రసం రోజూ తాగమని కాదు, అదీ చక్కెరే.

చల్లగా తాగాలనే మీ ఇష్టాన్ని వదులుకోనక్కరలేదు. కాచి చల్లార్చిన నీటితో ఇంట్లోనే ఐస్ చేసుకుని పలుచటి మజ్జిగలోనో, చక్కెర కలపని నిమ్మనీళ్లలోనో వేసుకోండి. నిమ్మరసం కూడా పుల్లనిదే కాబట్టి పళ్ల నొప్పి తగ్గే వరకు మజ్జిగే మంచిది. రక్తపోటు ఉంటే అందులో ఉప్పు తగ్గించండి.