ఊద చావట్లేదని డోసు పెంచకండి

ప్రశ్న: వరిలో ఊద అనే కలుపు గడ్డికి ఏటా బిస్‌పైరిబాక్ సోడియం అనే కలుపు మందే కొడుతున్నాను. మొదట్లో మాడిపోయేది. ఇప్పుడు ఒక మొక్క చస్తే దాని పక్కది పచ్చగా నిలబడుతోంది. అదే డబ్బా మందు పక్క పొలంలో బాగానే పనిచేసింది. మందు నకిలీదా? డోసు రెట్టింపు చేయమంటారా?

జవాబు: రెట్టింపు మాత్రం చేయకండి, వరి దెబ్బతింటుంది. నకిలీదైతే పక్క పొలంలోనూ పనిచేసేది కాదు కదా. నీళ్లు తీయకుండా కొట్టినా, ఊద ముదిరాక కొట్టినా, మందు సరిగా పడకపోయినా కలుపు మిగలడం మామూలే, కానీ అప్పుడు చాళ్లుగానో ఒకచోట గుంపుగానో మిగులుతుంది. ఒకే వయసు మొక్కలు పక్కపక్కనే ఒకటి చచ్చి ఒకటి బతుకుతోందంటే నా అనుమానం ఊద మీదే, అది మందుకి తట్టుకుంటోంది.

ఈ మందు ఊదలో ఏఎల్ఎస్ అనే ఎంజైమ్‌ని, అంటే ఒక ప్రోటీన్‌ని, అడ్డుకుంటుంది. వాలీన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్లని కట్టే ముక్కలు, తయారవ్వాలంటే అది పనిచేయాలి, అవి అందకే మొక్క ఎదుగుదల ఆగి చస్తుంది. ఆ ఎంజైమ్ కూడా సుమారు 670 అమైనో ఆమ్లాల గొలుసే. అందులో 574వ స్థానంలో ఉన్న ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం మందుకి పట్టు ఇస్తుంది. జన్యువులో ఒక్కో అమైనో ఆమ్లానికి 3 అక్షరాల గుర్తు ఉంటుంది, అక్కడి గుర్తు టీజీజీలో మధ్య అక్షరం ఒక్కటి మారి టీటీజీ అయితే ట్రిప్టోఫాన్ స్థానంలో ల్యూసిన్ వస్తుంది, మందుకి పట్టు తప్పుతుంది, ఎంజైమ్ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. ఇక డోసు పెంచి ఏం లాభం చెప్పండి. అక్షరం మారిన ప్రతిసారీ ఇలా జరగదు. 197వ స్థానంలో ప్రోలీన్ ఉంటుంది, దాని 3 అక్షరాల్లో చివరిది ఏదైనా మళ్లీ ప్రోలీనే వస్తుంది, అదే మొదటి సీ పోయి టీ వస్తే సెరీన్ అవుతుంది, కొన్ని మందులు అక్కడ పనిచేయడం మానేస్తాయి.

ఈ మార్పు మందు వల్ల పుట్టింది కాదు. లక్షల మొక్కల్లో ఎక్కడో ఒకదానిలో ముందే ఉంటుంది, మీరు ఏటా ఒకటే మందు కొట్టి మిగతావాటిని చంపేసరికి దాని విత్తనమే పొలమంతా నిండింది. ఏఎల్ఎస్‌ని అడ్డుకునే ఇదే గుంపులోని క్లోర్‌సల్ఫ్యూరాన్ అనే మందు 1982లో వచ్చింది, 1987కల్లా అమెరికాలో దానికి చావని కలుపు బయటపడింది.

అందుకే ఈసారి బతికిన ఊదని గింజ కట్టకముందే పీకేయండి, అన్నిటికన్నా ముఖ్యం ఇదే. పేరు మార్చి పెనాక్స్‌సులం కొట్టకండి, అదీ ఏఎల్ఎస్ మందే. వచ్చే పంటకి నాటడానికి ముందు ఒక తడి ఇచ్చి, కలుపు మొలిచాక దున్నేయండి. నాటాక మొలకకి ముందు ప్రెటిలాక్లోర్, అవసరమైతే తర్వాత సైహాలోఫాప్ బ్యూటైల్ వాడండి, రెండూ వేరే ప్రోటీన్ల మీద పనిచేస్తాయి. కొన్ని ఊదలు ప్రోటీన్ మారకుండానే మందుని ఒంట్లో విరిచేస్తాయి, వాటికి వేరే మందూ పనిచేయకపోవచ్చు, కాబట్టి ముందు ఒక చిన్న మడిలో కొట్టి చూడండి.

పీకేటప్పుడు బతికిన 2, 3 మొక్కలని మాత్రం పరీక్ష కోసం వదిలి, గింజ ముదిరేదాకా కంకికి సంచి కట్టి ఉంచండి. ఆ గింజనీ, మందు ఎప్పుడూ పడని చోటి గింజనీ వేర్వేరు కుండీల్లో పోసి, 3 ఆకుల దశలో ఒకే డోసు కొడితే సంగతి తేలిపోతుంది.