సిగరెట్ మాని ఐదు రోజులు: దగ్గు పెరిగింది, నికోటిన్ గమ్ నమిలితే ఎక్కిళ్లు. ఏం చేయాలి?

కొండపి దగ్గర పొగాకు బ్యారన్‌లో, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్టంలో, రాత్రిళ్లు మంట చూసే పని, పన్నెండేళ్లుగా రోజుకు పదిహేను సిగరెట్లు, లేవగానే ఒకటి అని మీరు రాశారు. మానాక దగ్గు, మలబద్ధకం, నిద్రలేమి, గమ్‌తో ఎక్కిళ్లు, గుండెల్లో మంట. ఒంటి బాధ ఎక్కువగా ఉండేది రెండో రోజు, మూడో రోజు. అది మీరు దాటేశారు.

గమ్ నమిలే తీరులోనే తేడా ఉంది. మెల్లగా నమలండి. నాలుకకు మిరియం ఘాటు తగలగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోండి. ఘాటు తగ్గాక మళ్లీ నాలుగు నములు నమిలి రెండో వైపు పెట్టండి. ఒక్కోటి అరగంట రావాలి. గబగబా నమిలితే నికోటిన్ ఉమ్మితో కడుపులోకి పోతుంది, ఎక్కిళ్లూ మంటా అందుకే. టీ, నిమ్మ సోడా తాగాక పావుగంట ఆగాలి, లేకపోతే మందు నోట్లోంచి ఒంటికి పట్టదు. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, రోజుకు 24 దాటొద్దు. ఆ తర్వాత తగ్గించుకుంటూ 12 వారాలకు ఆపాలి. లేచిన అరగంటలోపే వెలిగించే అలవాటున్న వాళ్లకు 2 మి.గ్రా. నికోటిన్ ఉన్న గమ్ చాలకపోవచ్చు. 4 మి.గ్రా.కు డాక్టర్ చీటీ కావాలి. గుండె జబ్బు ఉంటే ఏదైనా సరే డాక్టర్‌ని అడిగాకే.

టీ సగానికి తగ్గించండి. పొగ తాగినన్నాళ్లూ కాలేయం కెఫీన్‌ను త్వరగా ఖర్చు చేస్తుంది. మానేశాక అదే టీ ఒంట్లో చాలాసేపు ఉంటుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం చాలామందికి దీనివల్ల కూడా వస్తాయి, ఎవరూ చెప్పరు.

దగ్గు పెరగడం చాలాసార్లు మంచికే. పొగకు మొద్దుబారిన ఊపిరి గొట్టాల్లోని సన్నటి నూగు మళ్లీ కదిలి తెమడను పైకి తోస్తుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, రక్తం పడితే మాత్రం తెమడ పరీక్ష చేయించాల్సిందే. మలబద్ధకానికి నీళ్లు, జామకాయ, ఆకుకూర.

మీ పనిలో ఇంకోటి ఉంది. మంచుకు తడిసిన పచ్చాకు పట్టుకుంటే చర్మం గుండా కూడా నికోటిన్ ఎక్కుతుంది. ఆకు కొట్టిన రోజు వాంతులు, తల తిరుగుడు వస్తే గమ్ ఆపి చేతులు సబ్బుతో కడుక్కోండి. గ్లౌజులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

అసలు కష్టం రాత్రి కాపలాలో ఉంది. కట్టె ఎగదోయడం, థర్మామీటర్ చూడటం, కొరివితో సిగరెట్ అంటించుకోవడం, మూడూ ఒకే వరసలో చేతికి అలవాటైపోయాయి. ఆ వరస తెంచాలి. థర్మామీటర్ చూడగానే పొయ్యి దగ్గర కూర్చోకుండా బ్యారన్ చుట్టూ ఒక రౌండ్ నడిచి, లవంగం బుగ్గన పెట్టుకుని, నీళ్లు తాగండి. కోరిక ఐదు పది నిమిషాల్లో దిగిపోతుంది. తోటివాళ్లకు పొద్దుగూకక ముందే చెప్పండి, సిగరెట్ గానీ చుట్ట గానీ ఇవ్వొద్దని. ఖైనీకి మారడం మానడం కాదు.

ఎప్పుడైనా ఒకటి తాగేస్తే ప్యాకెట్ కొనకండి, ఆ రోజు గమ్ మానకండి. మరీ ఆపుకోలేకపోతే ప్యాకెట్ మీద ముద్రించే 1800-11-2356కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.