ఆమిష్ సంఘం వెలివేసినవాళ్లు మళ్లీ తిరిగి రావచ్చా?

రావచ్చు. అసలు వెలి పెట్టేదే తిరిగి రప్పించడానికి అంటారు, ఎక్కువగా అమెరికాలో ఉంటూ పాతకాలపు పద్ధతుల్లో బతికే ఈ క్రైస్తవులు. బాప్తిస్మం తీసుకుని సంఘ సభ్యులు కాకుండానే బయటికి వెళ్లిపోయినవాళ్లకైతే వెలి వర్తించదు.

పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతంలో తప్పును బట్టి ఒప్పుకోలు మారుతుంది. చిన్నదైతే సభ్యుల ముందు కూర్చునే ఒప్పుకోవచ్చు, కాస్త పెద్దదైతే మోకాళ్ల మీద. వివాహేతర సంబంధం లాంటివాటికి ఆరు వారాల వెలి. ఆ రోజుల్లో భోజనం వేరే బల్ల దగ్గర. వెలిలో ఉన్న మనిషి చేతి నుంచి నేరుగా ఏదీ అందుకోరు, బల్ల మీద పెడితే తీసుకుంటారు. మాటలు మానేయాలని మాత్రం లేదు, బయటివాళ్లు ఎక్కువగా పొరబడేది ఈ విషయంలోనే. గడువయ్యాక మోకరిల్లి ఒప్పుకుంటే బిషప్ చెయ్యి అందించి లేపుతాడు. ఇక ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదు.

చిక్కు వచ్చేదీ ఆ నియమంతోనే. పిల్లలపై లైంగిక వేధింపుల్ని కూడా ఇలా ఒప్పుకోలుతో ముగించేసిన కేసులున్నాయి. దోషికి కొన్ని వారాల వెలి. బాధితురాలు మాత్రం క్షమించేసి, జీవితాంతం నోరు మెదపకూడదు. నా దృష్టిలో అది దాచిపెట్టడమే. సంఘం క్షమించినంత మాత్రాన చట్టం వదలదు. పెన్సిల్వేనియాలో పిల్లలపై వేధింపుల అనుమానాన్ని అధికారులకు తెలపాల్సినవాళ్ల జాబితాలో మతబోధకులూ ఉన్నారు.