మామగారి ట్రంకు పెట్టెలో గుర్తుల్లేని తూటాలు

ప్రశ్న: మాది చెన్నై పెరంబూరు. మిలిటరీలో చేసి రిటైరైన మా మామగారు పోయిన ఏడాది కాలం చేశారు. మొన్న ఆయన ట్రంకు పెట్టె సర్దుతుంటే గుడ్డ సంచిలో 9 రైఫిల్ తూటాలు, 4 ఖాళీ షెల్స్ (పేలిన తూటాల తొడుగులు) దొరికాయి. వాటి అడుగున అక్షరం గానీ, సంవత్సరం గానీ లేదు. ఏ దేశానివో కనుక్కోవడానికి ఫోటోలు తెలిసినవాళ్లకు పంపుతానని, ఒకటి విప్పి చూస్తానని మా తమ్ముడు అంటున్నాడు. పోలీస్ స్టేషన్‌కు వెళ్తే మామగారి పేరు పాడవుతుందని అత్తగారు ఒకటే ఏడుపు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు మీ తమ్ముడిని ఆపండి. పాత తూటాను ఇంట్లో విప్పితే ప్రాణం మీదికి రావచ్చు. చట్టపరంగానూ అది మీకే చేటు.

ఆయుధాల చట్టం, 1959లోని సెక్షన్ 3 ప్రకారం లైసెన్సు లేకుండా తూటా దగ్గర ఉంచుకోకూడదు. అది ఏ దేశంలో తయారైనా ఒకటే. 2019 సవరణ తర్వాత సెక్షన్ 25(1-బి)(ఎ) కింద శిక్ష 2 నుంచి 5 ఏళ్ల జైలు, జరిమానా. నిషేధిత తరగతి మందుగుండు అని తేలితే 7 నుంచి 14 ఏళ్లు. పాతకాలపు వస్తువు కదా అనే వాదనా నిలవదు. సెక్షన్ 45 ఇచ్చే ఆ మినహాయింపు పనికిరాని పాత తుపాకులకే గానీ పేలే తూటాలకు కాదు. ఖాళీ షెల్స్ సంగతి వేరు. మళ్లీ తూటా చేసే ఉద్దేశం లేకుండా దాచుకున్న చిన్న భాగాలను అదే సెక్షన్ విడిచిపెడుతుంది. అయినా ఈసారికి వాటినీ కలిపే అప్పగించండి.

ఇక అసలు సందేహం. తూటా అడుగున మామూలుగా ఫ్యాక్టరీ గుర్తు, సంవత్సరం ఉంటాయి. పుణే దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీ తూటాల మీద ‘కె.ఎఫ్.’ అని ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. గుర్తు లేనంత మాత్రాన విదేశీ సరుకని చెప్పలేం. ఎవరు చేశారో తెలియకూడదని కావాలనే గుర్తు వేయని తూటాలూ ఉన్నాయి. శిక్షణ కోసం మందు లేకుండా చేసిన డ్రిల్ తూటాలు కూడా ఉంటాయి. మీవి అవే అయితే కేసు బలం చాలావరకు తగ్గిపోతుంది. అంచు ఆకారం, షెల్ పొడవు, ప్రైమర్ (అడుగున ఉండే, మందును అంటించే చిన్న మూత) రకం, దాని చుట్టూ పూసిన లక్క రంగు, లోపలి మందు చూసి నిపుణులు చెప్పగలరు. .303 అనే పాత రకం రైఫిల్ తూటాలో కార్డైట్ అనే మందు సన్నని పుల్లల్లా ఉండటం అలాంటి ఆనవాలే. ఇదంతా మైలాపూర్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్ చేసే పని. కోర్టులో నిలిచేది ఆ రిపోర్టే, తెలిసినవాళ్ల అభిప్రాయం కాదు.

మీకు ధైర్యమిచ్చే మాట ఒకటుంది. వస్తువు ఇంట్లో దొరికినంత మాత్రాన నేరం కాదు, అది ఉందని తెలిసి ఉంచుకున్నారా అన్నదే ముఖ్యమని సుప్రీంకోర్టు 1972లో గుణవంత్‌లాల్ కేసులో, 1994లో సంజయ్ దత్ కేసులో చెప్పింది. మొన్నటి వరకు మీకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. అందుకే ఆలస్యం చేసిన ప్రతి రోజూ మీకు వ్యతిరేకంగా పనిచేస్తుంది. ఫోటోలు పంపితే, తెలిసి ఉంచుకున్నారనడానికి మీ చేతులారా సాక్ష్యం ఇచ్చినట్టే.

తూటాలను సంచిలో వేసుకుని బయలుదేరకండి, కూవం నదిలో పారేయకండి. దొరికిన చోటే వదిలి, గదికి తాళం వేసి, స్టేషన్‌కు ఫోన్ చేయండి. వీలైతే ఒక లాయర్‌ను పక్కన పెట్టుకోండి. ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని దొరికాయో ఉత్తరంగా రాసి రెండు కాపీలు తీసి, ఒకదాని మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. స్వాధీనం చేసుకునేటప్పుడు వీడియో తీయడం పాత సి.ఆర్.పి.సి. స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 105 ప్రకారం తప్పనిసరి. దాన్ని మీరే గుర్తుచేసి అడగండి. అది మీకే రక్ష. వాళ్లు కేసు పెట్టినా భయపడొద్దు. అదే సంహిత సెక్షన్ 482 కింద ముందస్తు బెయిల్ అడగవచ్చు. ఆయుధాల చట్టం సెక్షన్ 3 కేసు కోర్టులో నడవాలంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి. చెన్నైలో ఆ అధికారం పోలీస్ కమిషనర్‌ది. మీరే పిలిచి అప్పగించిన విషయం అక్కడ కూడా చెప్పుకోవచ్చు.

అత్తగారికి ఈ మాట చదివి వినిపించండి: చనిపోయినవారి మీద కేసు నడవదు. ఆయన తప్పు, ఒకవేళ ఉన్నా, వారసులకు సంక్రమించదు. ఆయన మెడల్స్, డిశ్చార్జ్ బుక్ అదే పెట్టెలో ఉంటే, తూటాలను కదపకుండా, గదికి తాళం వేసేముందే తీసి ఆవిడ చేతికివ్వండి. అవి మీ కుటుంబానివి. డిశ్చార్జ్ బుక్ జిరాక్స్ మాత్రం ఆ ఉత్తరానికి జత చేయండి, తూటాలు ఆ ఇంటికి ఎలా వచ్చి ఉంటాయో అర్థమవుతుంది.