రోజూ ప్రవచనాలు వింటున్నా కోపం తగ్గడం లేదు, ఎవరివి వింటే మంచిది?

ఏడాదిగా రోజూ వింటున్నా పిల్లల హోంవర్క్ దగ్గర అరుపులు ఆగడం లేదన్నారు. నేనూ ఆ బాపతే. పల్లెవెలుగు బస్సులో ఇరవై ఏళ్ళకు పైగా కండక్టర్‌గా చేశాను. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్తూ ఫోన్లో గీత ప్రవచనం పెట్టుకునేవాణ్ణి. ఎనిమిదయ్యేసరికి చిల్లర దగ్గర ఎవరో ఒకరి మీద గొంతు లేచేది.

ఒకరోజు ఒక పెద్దావిడ 30 రూపాయల టికెట్‌కి రెండొందల నోటిచ్చింది. టికెట్ వెనక 170 అని రాసిచ్చాను. ఆవిడకి చదువు రాదు, ఆ అంకెల మీద నమ్మకం ఎలా కుదురుతుంది? స్టాపు స్టాపుకీ "నా డబ్బులు నాయనా" అంటోంది. నాలుగోసారికి "నీ డబ్బులతో మేడలు కడతానా?" అనేశాను. బస్సంతా నవ్వింది. ఆవిడ కొంగు ముడి విప్పుతూ వేస్తూ, తల వంచుకుని కూర్చుంది. దిగేటప్పుడు డబ్బులిస్తే లెక్క కూడా చూసుకోలేదు.

ఆ పొద్దున నేను విన్నది ఏమిటనుకున్నారు? పదిహేడో అధ్యాయం, వాక్కుతో చేసే తపస్సు గురించి! "అనుద్వేగకరం వాక్యం సత్యం ప్రియహితం చ యత్". ఎదుటివాడి మనసు కలతపెట్టని మాట, నిజమైనది, ఇంపైనది, మేలు చేసేది.

ఇంటికెళ్ళి మా నాన్న చదువుకున్న గీతామకరందం తీశాను. శ్రీకాళహస్తి శుకబ్రహ్మాశ్రమం విద్యాప్రకాశానందగిరి స్వామి రాసింది. తర్వాత ఈ శ్లోకానికి శంకరాచార్యుల భాష్యం ఏముందో కూడా తెలుసుకున్నాను. ఆ నాలుగు గుణాల్లో ఒక్కటి తగ్గినా అది వాక్తపస్సు కాదంటారాయన. అక్కడ దొరికిపోయాను. "ఉన్నమాటే అన్నాగా" అనేది నా పాత సాకు. ఉన్నమాట అయితే చాలదట. ఉదాహరణగా ఆయన ఇచ్చిన మాటలు ఎంత మెత్తగా ఉంటాయో: "శాంతంగా ఉండు నాయనా, స్వాధ్యాయం, యోగం చెయ్యి, నీకు మేలు జరుగుతుంది."

కోపం మొత్తం మానేస్తానని నేను ఒట్టు పెట్టుకోలేదు, అది మనవల్ల అయ్యే పని కాదు. ఒక్క చిల్లర విషయం పట్టుకున్నాను. "అమ్మా, మీకు నూట డెబ్బై రావాలి, నాకు గుర్తుంది. చిల్లర రాగానే నేనే తెచ్చిస్తాను, మీరు లేవకండి." ఇది నోటికి అలవాటు కావడానికి నెలలు పట్టింది. మే నెల మధ్యాహ్నాలు, జాతర రోజుల్లో చాలాసార్లు తప్పాను.

ఇంట్లో మాత్రం ఒక తెలివితక్కువ పని చేశాను. కోపం వస్తే మాట్లాడకుండా మొహం మాడ్చుకుని కూర్చునేవాణ్ణి, అదే మౌనం అనుకుని. "దీనికంటే నువ్వు అరిచినా బాగుండేది" అంది మా ఆవిడ. మళ్ళీ పుస్తకం చూస్తే, మౌనం ఉన్నది వాక్కు శ్లోకంలో కాదు, తర్వాతి శ్లోకంలో, మనసుతో చేసే తపస్సులో. లోపల ఉడుకుతూ పెదాలు బిగిస్తే అది లెక్కలోకి రాదన్నమాట. ఈ సంగతి ఏ పుస్తకమూ తిరగేయకుండానే ఆవిడకు తెలుసు.

అందుకని ఇంకో గురువుగారి కోసం వెతక్కండి. ఇప్పటిదాకా విన్నవాటిలో మీకు గుచ్చుకున్న మాట ఒకటి ఉండే ఉంటుంది. ఒక నెలపాటు దాన్ని ఆ హోంవర్క్ గంటకు మాత్రమే వాడి చూడండి. మిగతా 23 గంటల సంగతి తర్వాత చూసుకోవచ్చు.